లైనక్స్ వేశాను సరే, నాన్నను అడిగానా?

మనలో చాలామందికి ఒక జబ్బు ఉంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ కనిపిస్తే చాలు, చేతులు దురద పెడతాయి. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ ఎక్కించడం, బూట్ మెనూ తెరవడం, పాతదంతా తుడిచేసి కొత్తది వేయడం... అంతా గంటలో అయిపోతుంది. తర్వాత ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒక స్క్రీన్‌షాట్, కింద "పాత మెషీన్‌కి ప్రాణం పోశాను" అని ఒక లైన్.

నేనూ అదే చేశాను. 2025 నవంబర్‌లో దీపావళి హడావుడి అయ్యాక తెనాలి వెళ్లి, నాన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లైనక్స్ మింట్ వేశాను. హైదరాబాద్ తిరిగొచ్చిన పది రోజులకు నాన్న ఫోన్.

"ఏరా, నా ఫైళ్లేం చేశావు? తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. అన్నీ పిచ్చి గీతలే."

ఆ ఫోన్ తర్వాత ఓపెన్ సోర్స్ మీద నా అభిప్రాయం మారిందా అంటే, మారలేదు. ఇంకా బలపడింది. కానీ దాన్ని ఇంట్లోకి తీసుకొచ్చే పద్ధతి మీద మాత్రం పూర్తిగా మారింది. ఈ ఆర్టికల్ దాని గురించే.

ముందు, నేను చేసిందాంట్లో కరెక్ట్ ఏంటి?

నాన్న ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. 6వ తరం ఐ3, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంట్లో వాడేవాళ్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఉంది కానీ, అది 2026 అక్టోబర్ దాకే. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. అంటే స్క్రీన్ బాగున్నా, కీబోర్డ్ బాగున్నా, మెషీన్ మాత్రం "పాతది" అయిపోయింది.

అందులో ఒక ఎస్ఎస్‌డీ పెట్టి, మింట్ 22లో తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేశాను. దీనికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అందులోనే ఉన్నాయి. ఫోన్‌లోని ఫొటోలు ల్యాప్‌టాప్‌కి పంపడానికి లోకల్‌సెండ్ పెట్టాను. రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ప్రింటర్‌కి మాత్రం ఒక పూట పట్టింది. మిగతాదంతా సాఫీగా జరిగింది.

రోజువారీ వాడకంలో తేడా కనిపించింది. ఆన్ చేస్తే వెంటనే డెస్క్‌టాప్ వస్తుంది. అప్‌డేట్ ఎప్పుడు వేయాలో మనమే చెప్పాలి, మధ్యలో దానంతటది రీస్టార్ట్ అవ్వదు. స్టార్ట్ మెనూలో యాడ్స్ లేవు, ఫలానా అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వమని పోరు లేదు. ఇవన్నీ నిజమే. వీటిని ఎవరికైనా గట్టిగానే చెప్తాను.

మరి తప్పు ఎక్కడ జరిగింది?

పోయినవి ఫైళ్లు కాదు, అక్షరాలు

నాన్న ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ ఆపరేటర్. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్‌లోనే కొట్టేవారు. ఉద్యోగం మానేశాక కూడా అదే సాఫ్ట్‌వేర్, అదే పాత తెలుగు ఫాంట్. కాలనీ సంఘం తీర్మానాలు అందులోనే టైప్ చేసేవారు. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. 2008లో తాతయ్య చెప్తుంటే నాన్న టైప్ చేసిన ఊరి కబుర్లు, సుమారు 40 పేజీలు. ఉప్పెన వచ్చిన ఏడాది ఏం జరిగింది, ఏ పొలం ఎవరిది ఎలా అయింది, మా వంశంలో ఎవరి తర్వాత ఎవరు. తాతయ్య ఇప్పుడు లేరు. ఆ పేజీలకు ప్రింట్ తీసిన కాపీ కూడా లేదు. ఈ సంక్రాంతికి చిన్న పుస్తకంగా వేయించి బంధువులకు పంచాలని నాన్న అనుకుంటున్నారు. ఆ విషయం నాకు తెలియదు. ఎందుకంటే నేను అడగలేదు.

విండోస్ తీసేముందు డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తం బ్యాకప్ తీశాను. "ఫైళ్లన్నీ భద్రం" అని నాన్నకు ధీమాగా చెప్పాను కూడా. ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి. కానీ వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్, వాటిని తెలుగులో చూపించే ఫాంట్, ఆ ఫాంట్‌ని నడిపించే కీబోర్డ్ ప్రోగ్రామ్, ఈ మూడూ విండోస్‌తో పాటే పోయాయి. ఇన్‌స్టాల్ చేసుకునే సీడీ ఎప్పుడో గీతలు పడి పాడైపోయింది.

ఇక్కడ టెక్నికల్‌గా ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. ఎందుకంటే ఇది మా ఇంటి సమస్య ఒక్కటే కాదు. తెలుగునాట ప్రెస్సుల్లో, ఆఫీసుల్లో, ఇళ్లలో ఇలాంటి ఫైళ్లు కుప్పలుగా ఉన్నాయి.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి ఒక నంబర్ ఉంటుంది. "క" అంటే ఏ ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా అదే నంబర్. యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే, అంటే 1991లోనే తెలుగుకు చోటు ఉంది. కానీ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు రాదు. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త వెర్షనూ రాలేదు. అందుకని అప్పటి డీటీపీ ఫాంట్లు ఒక ఉపాయం పన్నాయి. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉన్న స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టాయి. ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఇంకోచోట వత్తు. కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైల్‌లో తెలుగే లేదు, ఇంగ్లిష్ గుర్తుల వరస మాత్రమే ఉంది. ఫాంట్ ఉన్నంతసేపు అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంట్ తీసేస్తే పిచ్చి గీతలు.

కాబట్టి తప్పు ఆ పాత ఫార్మాట్‌దే అని తప్పించుకోవచ్చు. నేను ఫోన్‌లో సరిగ్గా అదే మొదలుపెట్టాను. "నాన్నా, అది క్లోజ్డ్ ఫార్మాట్, ఎప్పటికైనా ఇలాగే అయ్యేది..."

నాన్న మొత్తం విన్నారు. తర్వాత ఒక్కటే అడిగారు. "అవన్నీ సరే. మార్చేముందు నన్నొక మాట అడిగావా?"

కంపెనీలను తిట్టే మనం చేస్తున్నదేంటి?

ఆ రాత్రి నిజంగా నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను పెద్ద కంపెనీల మీద ఎప్పుడూ చేసే కంప్లైంట్ ఏంటి? "నా పర్మిషన్ లేకుండా నా మెషీన్‌లో మార్పులు చేస్తారు. వద్దన్నా అప్‌డేట్ తోస్తారు. ఇది నీ మంచికే అంటారు." నేను నాన్నకు చేసింది కూడా అక్షరాలా అదే. ఇది నీ మంచికే అని చెప్పి, ఆయన ఇరవై ఏళ్లుగా అలవాటు పడిన పనిముట్టును లాగేసుకున్నాను.

ఇంకో సంగతి. సెటప్ చేసేటప్పుడు అడ్మిన్ అకౌంట్ నా పేరుతో పెట్టుకున్నాను, నాన్నకు మామూలు అకౌంట్ ఇచ్చాను. "పొరపాటున ఏదైనా చెడగొడతారేమో" అని. దాంతో ఆయన సొంత ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకోవాలన్నా 300 కిలోమీటర్ల అవతల ఉన్న కొడుకు పాస్‌వర్డ్ కావాలి.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం నాలుగు స్వేచ్ఛల గురించి చెప్తుంది. ఎందుకోసమైనా నడుపుకోవడం, ఎలా పనిచేస్తుందో చూడడం, ఇతరులకు పంచడం, మార్చుకుని ఆ మార్పును పంచడం. గొప్ప మాటలే. కానీ మా ఇంట్లో ఆ నాలుగూ ఎవరికి దక్కాయి? నాకు. నాన్నకు దక్కింది యజమాని మార్పు మాత్రమే. ఇంతకుముందు ఏదో కంపెనీ, ఇప్పుడు కొడుకు.

నా పాయింట్ ఇదే. ఇంట్లో ఓపెన్ సోర్స్ వాడడం అంటే లైసెన్స్ డబ్బులు మిగలడం కాదు, తాళంచెవి మన దగ్గర ఉండడం. కానీ ఆ తాళంచెవి ఇంట్లో ఒక్కడి జేబులోనే ఉంటే మిగతావాళ్లకు అది ఇంకో తాళమే.

మళ్లీ తెలుగులోకి

తర్వాతి శనివారం మళ్లీ తెనాలి వెళ్లాను. ఈసారి ముందు నాన్న పక్కన కూర్చుని, ఏమేం కావాలో కాగితం మీద రాసుకున్నాను. మూడే ఉన్నాయి. పాత ఫైళ్లు తెరవాలి. పుస్తకం సంక్రాంతికి రావాలి. చేతులకు అలవాటైన కీబోర్డే ఉండాలి.

మొదటిది. లిబ్రేఆఫీస్ డ్రాకి పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడం వచ్చని అప్పుడే తెలిసింది. 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచే ఆ సౌకర్యం ఉంది. ఇలా పాత ఫార్మాట్లలో చిక్కుకుపోయిన ఫైళ్లను బయటకు తీయడానికే 2014లో డాక్యుమెంట్ లిబరేషన్ ప్రాజెక్ట్ మొదలైంది. అమ్మేవాళ్లు కూడా వదిలేసిన ఫార్మాట్ కోసం ఎవరో కూర్చుని కోడ్ రాశారు. తాతయ్య 40 పేజీలు తెరుచుకున్నాయి. అక్షరాలు ఇంకా పిచ్చి గీతలే, కానీ వరస అంతా ఉంది.

రెండోది. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిలో ఒకదానితో మార్చాను. నూటికి నూరుపాళ్లు రాలేదు. కొన్ని వత్తులు పక్క అక్షరానికి అతుక్కున్నాయి, కొన్ని దీర్ఘాలు మాయమయ్యాయి. ఇక్కడ నా తెలివి పనికిరాలేదు, నాన్న అనుభవం పనికొచ్చింది. ప్రెస్‌లో ప్రూఫులు దిద్దిన మనిషి కదా, ఎర్ర పెన్ను పట్టుకుని రెండు వారాంతాల్లో 40 పేజీలూ దిద్దేశారు. పుస్తకానికి మండలి ఫాంట్ వాడాం. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో అదొకటి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి పుస్తకానికైనా, పోస్టర్‌కైనా వాడుకోవచ్చు.

మూడోది అసలు ఊహించనిది. నాన్న వేళ్లకు వచ్చింది డీటీపీ వాళ్ల ఆపిల్ కీబోర్డ్. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటే ఈ వయసులో నా వల్ల కాదన్నారు. ఐబస్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీ చూస్తే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లతో పాటు ఆపిల్ కూడా ఉంది! వేసి ఇచ్చాను. ఆయన పాత ప్రోగ్రామ్‌తో అచ్చం ఒకేలా లేదు, కొన్ని చోట్ల వేళ్లు తడబడ్డాయి. కానీ సాయంత్రానికి నాన్న కీబోర్డ్ వైపు చూడకుండా టైప్ చేస్తున్నారు. ఈసారి వచ్చేది యూనికోడ్ తెలుగు. అదే వాక్యాన్ని కాపీ చేసి అత్తయ్యకు వాట్సాప్‌లో పంపారు. అది అక్కడా తెలుగులోనే కనిపించింది. ఇరవై ఏళ్లలో ఆయన టైప్ చేసింది ఇంకో మెషీన్‌లో అలా కనిపించడం అదే మొదటిసారి.

గమనించండి, ఇవన్నీ నవంబర్‌లోనే చేసి ఉండొచ్చు. అన్ని టూల్స్ అప్పటికే ఉన్నాయి. నేను అడగలేదు, అంతే.

పని చేయనివి కూడా చెప్పాలి

ఓపెన్ సోర్స్ ఫ్యాన్స్ చేసే ఇంకో తప్పు, ఏది పని చేయదో దాచిపెట్టడం. లైనక్స్‌కి మారే ముందు ఇంట్లోవాళ్లకు ఇవి చెప్పాలి:

- ఫొటోషాప్, ప్రీమియర్ ప్రో లాంటివి లైనక్స్‌కి లేవు. గింప్, కేడెన్‌లైవ్ ఉన్నాయి, మంచివే. కానీ కాలేజీలో ఫొటోషాప్ ఫైల్ అడిగితే "గింప్ కూడా అలాంటిదే" అనే మాట పనికిరాదు.
- చాలా ఆన్‌లైన్ పరీక్షలకు, ప్లేస్‌మెంట్ టెస్టులకు ప్రత్యేక ఎగ్జామ్ బ్రౌజర్ కావాలి. అవి ఎక్కువగా విండోస్, మ్యాక్‌లకే ఉంటాయి. పరీక్షకు గంట ముందు ఇది తెలిస్తే మీ చెల్లి మిమ్మల్ని జన్మలో క్షమించదు.
- డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్‌తో పని చేసే పోర్టల్స్ కొన్నిటితో తలనొప్పి తప్పదు.
- స్టీమ్‌లో ప్రోటాన్ పుణ్యమా అని విండోస్ గేమ్స్ చాలావరకు ఆడుకోవచ్చు. కానీ కెర్నెల్ స్థాయి యాంటీ చీట్ ఉన్న వాలరెంట్ లాంటివి నడవవు.
- నెట్‌ఫ్లిక్స్ చూడొచ్చు, 4కే మాత్రం రాదు.

వీటిలో ఒక్కటి ముఖ్యమైనా విండోస్ తుడిచేయకండి. డ్యూయల్ బూట్ పెట్టండి, లేదా ఆ మెషీన్‌ని అలాగే వదిలేయండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఫోన్ విషయంలోనూ ఇంతే. ఆండ్రాయిడ్ పునాది ఓపెన్ సోర్సే. అలాగని అమ్మ ఫోన్‌లో బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి కస్టమ్ రామ్ వేస్తే కొన్ని బ్యాంకింగ్ యాప్స్ మొండికేస్తాయి. ఈసారి బుద్ధొచ్చి అమ్మను ముందే అడిగాను. "గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, ఇవన్నీ ఎప్పట్లాగే అవుతాయా?" అంది. "గ్యారంటీ లేదమ్మా" అన్నాను. "అయితే దాని జోలికి పోకు" అంది. పోలేదు. సిస్టమ్ ముట్టుకోకుండా ఎఫ్-డ్రాయిడ్ నుంచి యాడ్స్ లేని ఒక నోట్స్ యాప్ మాత్రం వేశాను. అది బాగుందట.

ఇంట్లో పెట్టేముందు ఐదు మాటలు

నా అనుభవంతో చెప్తున్నా, ఈ వరస పాటించండి.

మొదట యాప్స్, తర్వాతే ఓఎస్. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ విండోస్‌లోనూ నడుస్తాయి. రెండు మూడు నెలలు అక్కడే వాడనివ్వండి. అలవాటైతే ఓఎస్ మారినా కంగారు ఉండదు.

రెండు, ఫోల్డర్లు కాదు, పనులు రాసుకోండి. "నెలకోసారైనా ఈ కంప్యూటర్‌తో ఏం చేస్తారు?" అని అడిగి లిస్ట్ రాయండి. ప్రతి పనినీ లైవ్ యూఎస్‌బీలో చేసి చూశాకే ఇన్‌స్టాల్ బటన్ నొక్కండి.

మూడు, పాత డ్రైవ్‌ను నెలరోజులు ముట్టుకోకండి. నేను కొత్త ఎస్ఎస్‌డీ పెట్టి కూడా, పాత హార్డ్ డిస్క్‌ను స్టోరేజ్‌కి పనికొస్తుందని వెంటనే ఫార్మాట్ చేశాను. దాన్ని పక్కన పెట్టి ఉంటే ఈ కథే లేదు.

నాలుగు, పాత ఫాంట్‌లో తెలుగు ఫైళ్లు ఉంటే అవి తెరుచుకుంటున్న రోజుల్లోనే యూనికోడ్‌కి మార్చేయండి. ఒరిజినల్స్, వాటి పీడీఎఫ్‌లు కూడా దాచండి. మీరు లైనక్స్‌కి మారకపోయినా ఈ పని చేయండి.

ఐదు, పాస్‌వర్డ్ వాళ్లకే ఇవ్వండి. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది, సిస్టమ్ చెడిపోతే పాత స్థితికి తీసుకురావచ్చు. అదెలా చేయాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో పెట్టండి. చెడగొట్టే హక్కు కూడా మెషీన్ ఎవరిదో వాళ్లదే.

చివరగా

తాతయ్య పుస్తకం భోగికి రెండు రోజుల ముందు ప్రెస్ నుంచి వచ్చింది. 60 కాపీలు వేయించాం.

పండక్కి వెళ్లినప్పుడు చూస్తే, నాన్న లిబ్రేఆఫీస్‌ను తెలుగులోకి మార్చుకున్నారు. ఎవరినీ అడగకుండా, ఆయనే. మెనూల వైపు చూపిస్తూ, "ఇది ఎవరు రాశార్రా? ఈ మాట మన వాడుకలో లేదు. ఇక్కడ వత్తు కూడా తప్పు" అన్నారు. వాలంటీర్లు అనువదిస్తారని, వెబ్లేట్ అనే సైట్‌లో అకౌంట్ తెరిచి ఎవరైనా సవరణ పంపొచ్చని చెప్పాను.

"అంటే నేను దిద్దొచ్చా?"

"దిద్దొచ్చు నాన్నా."

ఇప్పటికి పదకొండు మాటలు దిద్ది పంపారు. ఏవి తీసుకుంటారో, ఏవి పక్కన పెడతారో తెలియదు. నాలుగు స్వేచ్ఛల గురించి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, ఇకపై చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

ఈ వారాంతం మీ చేతిలో పెన్‌డ్రైవ్, ఎదురుగా పాత ల్యాప్‌టాప్ ఉంటే తప్పకుండా ట్రై చేయండి. కానీ బూట్ మెనూ తెరిచే ముందు, దాన్ని రోజూ వాడే మనిషి పక్కన పది నిమిషాలు కూర్చోండి.